మంజూరు కాని ఊపిరి

ఒక పెద్ద అడవిలో, పడమటి కొండ వెనక్కి దిగిపోతున్న సూర్యుణ్ణి ఒక కొండముచ్చు తన గొంతుతో పట్టి నిలబెట్టింది. ఆ కొండముచ్చును నేనే. పేరు వాలాచలం. నవ్వదలుచుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేసి రండి, ఆగుతాను. అబద్ధమనేవాళ్లుంటే నా తోక మీద చెయ్యేసి ఆ మాట అనండి. ఎవరూ వెయ్యరేం? ఇదేమన్నా మామూలు తోక అనుకున్నారా? వరదలో కొట్టుకుపోతున్న ఏనుగును ఈ తోకతోనే ఒడ్డుకు లాగాను. ఆ ఏనుగు ఇప్పుడు బతికి లేదు కాబట్టి దాన్ని అడగడానికి వీల్లేదు గానీ, సూర్యుడి సంగతికి మాత్రం సాక్ష్యం ఉంది. ముందు కథ వినండి.

మా అడవి నడుమ కొండలో ఒక గుహ ఉంది. అందులో తుమ్మితే ఆ తుమ్ము కూడా పాటలాగే వినిపిస్తుంది. అలాంటి గుహ కాబట్టి అడవి బృందగాన సంఘం సాయంత్రాలు అక్కడే చేరేది.

సంఘమంటే మహా గాయకులని అనుకునేరు. పగలు పొట్టకూటి పని, సాయంత్రం పాట. పగలంతా దుంపలు తవ్వి మట్టి మూతితోనే వచ్చే అడవిపంది కోరల కొండయ్య, తేనెపట్లు దులిపి వేళ్లు నాక్కుంటూ వచ్చే ఎలుగుబంటి గుబురయ్య, ఏ పనీ చెయ్యకుండానే అలిసిపోయి వచ్చే నెమలి పింఛాలరావు, కొమ్ములు ఒకదానికొకటి తగలకుండా దూరదూరంగా నిలబడే దుప్పులు, నేను. గుబురయ్య మాకు అధ్యక్షుడు. ఎందుకంటే ఆయన కూర్చున్నాక మిగిలిన చోటు అధ్యక్షుడికి సరిపోదు.

పాట నేర్పేది జెముడుకాకి జెముడమ్మ. ఇటుకరంగు రెక్కలు, ఎర్రటి కళ్లు, బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. ఆవిడ గూడు గుహ వాకిట్లో ఉన్న ముళ్లపొదలోనే. పొద్దున లేస్తే గుహ, పొద్దుపోతే గుహ.

మూడు వరసలు. దుప్పులూ నెమలీ పై వరస, నేనూ కొన్ని కుందేళ్లూ నడి వరస, ఎలుగూ పందీ కింది వరస. బృందంలో పాట నేర్చుకోవడమంటే ఏమిటనుకున్నారు? తన పాట నేర్చుకోవడం చాలా తేలిక. పక్కవాడి పాట నేర్చుకోకుండా ఉండటమే కష్టం.

"కొండయ్యా, మళ్లీ నెమలి వరస ఎత్తుకున్నావేం?" అనేది జెముడమ్మ.

"నేనెత్తుకోలేదమ్మా. అదే వచ్చి నా చెవిలో దూరింది."

"పింఛాలరావుగారూ, అందరూ ఆగిపోయారు. మీరొక్కరే ఇంకా వెళుతున్నారు."

"నేను వెళ్లడం లేదండీ. వాళ్లు వెనకబడుతున్నారు."

గుబురయ్యకు వచ్చింది ఒకే ఒక్క స్వరం. మొదటినుంచి చివరిదాకా దాన్నే పట్టుకుని ఉండేవాడు. పాట తిరిగి తిరిగి ఆ స్వరం దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం, ఒట్టు, ఆయనంత బాగా పాడేవాడు అడవిలో లేడు.

ఇక నా సంగతి. నేను ఇంట్లో సాధన మొదలుపెడితే మా ఆవిడ పిల్లల్ని చంకనేసుకుని పక్క లోయకు వెళ్లిపోయేది. నా గొంతు అక్కడికీ వెళ్లేది. ఆవిడ ఆపై లోయకు వెళ్లేది. అలా నా పాట పుణ్యమా అని మా పిల్లలు దేశమంతా చూశారు.

మేము ఏటా పాడే పెద్ద పాట మబ్బుపిలుపు. ఎండాకాలం చివర, ఆకులన్నీ అప్పడాల్లా విరిగే రోజుల్లో పాడతాం.

"కొండెక్కి కూచున్న నల్లని మబ్బా, దిగిరా దిగిరా,
చినుకుల బుట్టను నెత్తిన పెట్టుకు మా ఇంటికి రా..."

ఆ చివరి 'రా' ఉందే, అదీ అసలు పాట. సూర్యుడి అంచు పడమటి కొండను తాకగానే దాన్ని ఎత్తుకోవాలి. సూర్యుడు పూర్తిగా మునిగేదాకా అది తెగకూడదు. తెగితే వాన రాదని కాదు. మా అడవిలో వాన ఎవరి మాటా వినదు. తెగితే పాట పాట కాదు, అంతే.

"అంతసేపు ఎవరి ఊపిరి నిలుస్తుందమ్మా?" అని కొండయ్య మొదటిసారే అడిగాడు.

"ఎవరిదీ నిలవదు," అంది జెముడమ్మ. "అందుకే దొంగ ఊపిరి. పక్కవాడు పీల్చేటప్పుడు నువ్వు పీల్చకు. నువ్వు పీల్చేటప్పుడు నోరు మూయకు, భుజం ఎత్తకు. సందు చూసుకుని తప్పుకో. మళ్లీ వచ్చేటప్పుడు గోళ్లు ముడుచుకున్న పిల్లిలా రా. వినేవాడికి నువ్వు వెళ్లిందీ తెలియకూడదు, వచ్చిందీ తెలియకూడదు."

"పక్కవాడు ఎప్పుడు పీలుస్తాడో నాకెలా తెలుస్తుంది?"

"వింటే తెలుస్తుంది. బృందగానంలో సగం పని నోటిది, సగం చెవిది. మీలో చాలామంది రెండు పాళ్లూ నోటికే ఇచ్చారు. అదీ చిక్కు."

నేర్చుకోవడానికి మాకు చాలా కాలం పట్టింది. నాకైతే ఒక పూట పట్టింది, ఆ పూట కూడా నిద్రపోతూ నేర్చుకున్నాను. కానీ అబ్బాక మాత్రం, అబ్బా! ఒకరు తప్పుకుంటే ఒకరు పట్టుకుని, ఒకరు సన్నగిల్లితే ఇంకొకరు ఊతమిచ్చి, ఆ 'రా' నూనెధారలా సాగేది. ఏళ్ల తరబడి ఒక్కసారీ తెగలేదు.

అలా సాగుతుండగా దుమ్ములగొండి బొమికయ్య కన్ను మా గుహ మీద పడింది. అతను ఎముకలు పోగేసే రకం. పోగేసినవి దాచుకోవడానికి చల్లటి చోటు కావాలట. పెద్దపులి దొరగారి దగ్గరికి వెళ్లి మొర పెట్టుకున్నాడు.

"దొరా, అంత మంచి గుహను పాటలకు వాడుతున్నారు. పాటను దాచుకోవడానికి గుహ ఎందుకు? పాడిన వెంటనే గాల్లో కలిసిపోయే సరుకు. నా ఎముకలైతే తరాలు నిలుస్తాయి."

దొరగారు ఆవలించి, ఇద్దరికీ సమానంగా ఉండే తీర్పు చెప్పారు. "ఈసారి మబ్బుపిలుపుకు నేనే వచ్చి వింటాను. చివరి స్వరం తెగకుండా నిలిస్తే గుహ పాటకు. తెగితే ఎముకలకు."

ఆ కబురు విన్నప్పుడు జెముడమ్మ ఒకసారి తన గూటివైపు చూసింది. గూట్లో అప్పుడే పెట్టిన గుడ్లున్నాయి. గుహ ఎముకలపాలైతే ఆ కంపుకు గద్దలు దిగుతాయి. గద్దలు దిగాక గూడూ ఉండదు, గుడ్లూ ఉండవు. అదంతా ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. "కింది వరస, మొదలుపెట్టండి" అంది అంతే.

మొదలుపెట్టేవాళ్లమే. కానీ మా సంఘానికి ఒక కార్యదర్శి ఉన్నాడు. నక్క మెత్తన్న. మెత్తన్న పాడడు. పాడేవాళ్లు క్రమశిక్షణతో ఉండాలంటే పాడనివాడొకడు పైన ఉండాలని అతని సిద్ధాంతం. అతను గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు.

"అధ్యక్షా, దొరగారు స్వయంగా విచ్చేస్తున్నారు. ఇలాంటి సమయంలో ఎవరు పడితే వాళ్లు, ఎప్పుడు పడితే అప్పుడు ఊపిరి పీల్చుకుంటుంటే ఏం బాగుంటుంది? పైగా దాని పేరు దొంగ ఊపిరట! సంఘంలో దొంగతనం నేర్పుతున్నారని దొరగారి చెవిన పడితే?"

గుబురయ్య ఉలిక్కిపడ్డాడు. "అవును సుమా! నాకింతవరకూ తట్టనేలేదు."

"మీకు తట్టకముందే నాకు తట్టాలి. అందుకే కదా నేనున్నది."

ఆ సాయంత్రమే నిబంధన వచ్చింది. ఇకనుంచి ఊపిరి మంజూరు చేస్తారు. హోదా ప్రకారం ముందు అధ్యక్షుడు పీలుస్తాడు. ఆయన పీల్చాక ఆయన తర్వాతివాడు, ఆ తర్వాత ఆ కిందివాడు. పైవాడు పీల్చకుండా కిందివాడు పీల్చడానికి వీల్లేదు.

"ఏం నాయనా, ఊపిరికి కూడా వరసా?" అంది జెముడమ్మ.

"నీళ్లరేవుకు వరస ఉంది కదమ్మా. గాలికి లేకపోవడం వల్లే ఇన్నాళ్లూ ఇంత అరాచకం," అన్నాడు మెత్తన్న మెత్తగా.

మర్నాడు సాధనలో చూడాలి తమాషా! 'రా' ఎత్తుకున్నాం. అందరి కళ్లూ గుబురయ్య మీదే. ఆయన పీలిస్తే గానీ ఎవరికీ దిక్కులేదు. ఆయనేమో, అందరికంటే ముందు అధ్యక్షుడే అలిసిపోయాడంటే పరువేమవుతుందని బిగబట్టాడు. ఆయన బిగబట్టాడని అందరూ బిగబట్టారు. దుప్పుల కళ్లు ఉసిరికాయలయ్యాయి. కుందేళ్ల చెవులు నల్లబడ్డాయి. చివరికి ఒక దుప్పి కొమ్ములతో సహా కొండయ్య మీద పడింది. అప్పుడు గానీ గుబురయ్య గాలి పీల్చలేదు.

వెంటనే గొడవ. హోదాలో పింఛాలరావు రెండోవాడు.

"అంటే ఎలుగుబంటి వదిలిన గాలి నేను పీల్చాలా?" అన్నాడు మెడ ఎత్తి. "నా తోక విప్పితే సగం అడవి ఆగి చూస్తుంది. నేను రెండోవాణ్ణా?"

"నీకేం బాబూ," అన్నాడు కొండయ్య. "నీకు ఒక ఎలుగుబంటి గాలే. నేను మీ ఇద్దరి ఎంగిలి గాలీ పీల్చాలి. నా కోరలు చూశారా? ఇవి ఊరికే పెరిగాయా?"

దుప్పులు తామంతా కలిసి పక్క అడవికి వెళ్లిపోతామన్నాయి. కుందేళ్లు గబగబా బొరియలు తవ్వడం మొదలుపెట్టాయి.

అక్కణ్ణుంచి రోజూ సమావేశాలే. సాయంత్రం చేరడం, గుబురయ్య అధ్యక్షోపన్యాసం, పింఛాలరావు అభ్యంతరం, కొండయ్య గుర్రు. పాడటానికి పొద్దు ఉండేది కాదు. జెముడమ్మ రాతి మీద కూర్చుని ఎదురుచూసేది. ఒకసారి అడిగింది కూడా. "ఒక్కసారి పాడుకుని తర్వాత పోట్లాడుకోకూడదూ?"

"ముందు ఊపిరి సంగతి తేలాలి కదమ్మా," అన్నాడు గుబురయ్య బాధగా. "ఊపిరి లేకుండా పాడటం ఎలా?"

దొరగారు వచ్చే రోజు దగ్గరపడ్డాక మెత్తన్న రాజీమార్గం కనిపెట్టాడు. అందరికీ సమాన హోదా! పెద్దా చిన్నా లేదు. అధ్యక్షులవారు చెయ్యెత్తగానే అందరూ ఒకేసారి, ఒకే తీరుగా, గౌరవప్రదంగా ఊపిరి పీలుస్తారు. ఎవరి గాలి వాళ్లది.

గుహ దద్దరిల్లేలా చప్పట్లు. దుప్పులు కాళ్లు తాటించాయి. పింఛాలరావు తోక విప్పాడు. కొండయ్య అతని భుజమ్మీద మూతి పెట్టి కన్నీళ్లు పెట్టుకున్నాడు.

"అందరూ ఒకేసారి పీలిస్తే," అంది జెముడమ్మ, "అప్పుడు స్వరం ఎవరి దగ్గరుంటుంది?"

చప్పట్లు ఆగాయి. అందరూ మెత్తన్న వైపు చూశారు.

"అమ్మా, మీరు అడిగేది సంగీతానికి సంబంధించిన విషయం," అన్నాడతను. "ఇది పరిపాలనకు సంబంధించిన తీర్మానం. రెండూ కలపకండి."

మళ్లీ చప్పట్లు.

నేను చెయ్యెత్తాను. "అయ్యా, ఆ సమాన హోదా నాకూ ఉన్నట్టేనా?"

"ఆఁ, వాలాచలంగారూ! మీ విషయంలో ఒక చిక్కుంది. నేల జంతువుల జాబితా వేరు, చెట్టు జంతువుల జాబితా వేరు. మీరు దేనికింద వస్తారు?"

"పొద్దున చెట్టు మీదుంటాను. మధ్యాహ్నం నేల మీద. మనసు బాగుంటే గాల్లో. మొన్న ఒక్క దూకులో పెద్దలోయ దాటాను. మధ్యలో ఆకలేస్తే ఆగి మేడిపండు తిన్నాను."

"అదే చిక్కు. మీ సంగతి పరిశీలనలో ఉంది. సమాన హోదా అనేది హోదా తేలినవాళ్లకి. మీకు అసలు హోదాయే తేలలేదు."

"అయితే నన్ను ఊపిరి పీల్చుకోవద్దంటారా?"

"పీల్చుకోవద్దని నేనన్నానా? మంజూరు కాలేదన్నాను."

"మరి పీల్చుకోమంటారా?"

"మంజూరు కాకుండా ఎలా పీల్చుకోమంటాను?"

అంతటితో సభ ముగిసింది. బయటికి వస్తుంటే జెముడమ్మ నా పక్కన ఎగురుతూ వచ్చింది.

"వాలాచలం, నువ్వు నేర్చుకున్నది గుర్తుందా?"

"నాకు పుట్టకముందు విన్నవి కూడా గుర్తున్నాయమ్మా."

"ప్రగల్భాలు తర్వాత. పక్కవాడు పీల్చేటప్పుడు?"

"నేను పీల్చను."

"అందరూ పీల్చేటప్పుడు?"

నా జవాబు కోసం ఆగకుండా ఆవిడ గూటికి వెళ్లిపోయింది.

ఆ రోజు రానే వచ్చింది. గుహ ముందు రాతి మీద దొరగారు కూర్చున్నారు. ఒక పక్క బొమికయ్య అప్పుడే చోటు కొలుచుకుంటున్నట్టు గుహలోకి తొంగిచూస్తూ నిలబడ్డాడు. వెనకాల అతని బంధువులు నోట ఎముకలతో సిద్ధంగా ఉన్నారు. మేము వరసలుగా నిలబడ్డాం. జెముడమ్మ రెక్క ఎత్తింది.

పాట బాగానే మొదలైంది. కొండయ్య ఆ రోజు ఎవరి వరసా ఎత్తుకోలేదు. పింఛాలరావు నలుగురితో పాటు ఆగాడు. గుబురయ్య తన స్వరం వచ్చేదాకా ఓపిగ్గా నోరు మూసుకున్నాడు. వాళ్లకు పాట రాదని కాదు, ఇది చెప్పి తీరాలి.

సూర్యుడి అంచు కొండను తాకింది. 'రా' అన్నాం.

స్వరం నిండుగా లేచింది. గుహ గుమ్మెత్తింది. నేను అలవాటుగా పక్కవాళ్ల ఊపిరి వింటూ, సందు చూసుకుని ఒక దొంగ ఊపిరి తీశాను. ఎవరికీ తెలియలేదు. సూర్యుడు సగం మునిగాడు. అప్పుడు గుబురయ్య చెయ్యి, అంత బరువైన చెయ్యి, నెమ్మదిగా పైకి లేచింది.

హుఫ్ఫ్!

బృందమంతా ఒక్కసారి గాలి లోపలికి లాగింది. దొరగారి మీసాలు మా వైపు వాలాయి. ఎండుటాకులు లేచి గుహలోకి వచ్చాయి. అన్ని గొంతులూ ఒక్క క్షణంలో మాయమయ్యాయి.

ఒక్క గొంతు మిగిలింది. నాది. మంజూరు కాని ఊపిరి మీద నిలబడిన గొంతు.

ఇప్పుడు వినండి! నేను ఆ స్వరాన్ని ఎలా పట్టాననుకున్నారు? కూలబోతున్న కొండను భుజమ్మీద ఆపినట్టు పట్టాను. నా కాళ్ల కింద బండ రెండు వేళ్ల లోతు దిగింది. సగం మునిగిన సూర్యుడు ఇదెవరి గొంతురా అని వెనక్కి తిరిగి, నా స్వరం మీద మోచెయ్యి ఆనించి కాసేపు కూర్చున్నాడు. వాళ్లంతా ఊపిరి పీల్చి మళ్లీ అందుకునేదాకా అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత గుబురయ్యకు ఆయాసం ఎక్కువై ఇంకా చాలాసార్లు చెయ్యెత్తాడు. ఎత్తిన ప్రతిసారీ వాళ్లందరూ మాయం, నేనొక్కణ్ణి. వాళ్లు పాడేటప్పుడు నేను పీల్చాను, వాళ్లు పీల్చేటప్పుడు నేను పాడాను. చివరి ఎర్రటి చుక్క కొండ వెనక మునిగింది. జెముడమ్మ రెక్క దించింది.

దొరగారు కళ్లు తెరిచారు. "తెగలేదు. గుహ పాటదే. మధ్యమధ్యలో ఒక గొంతు ఒంటరిగా నిలిచింది. అద్భుతం. ఎవరిదది?"

"నాది దొరా," అన్నాడు గుబురయ్య వెంటనే.

"మన్నించాలి, అంత సొగసు నా గొంతుకే ఉంటుంది," అన్నాడు పింఛాలరావు.

"సొగసేమిటి, అది బలం. నాది," అన్నాడు కొండయ్య. దుప్పులు ఒక్కసారిగా తమదంటే తమదన్నాయి.

అప్పుడు బొమికయ్య ఇకిలించాడు. "హిహిహీ! దొరా, ఒక చిన్న మనవి. అధ్యక్షుడు చెయ్యెత్తితే అందరూ ఊపిరి పీల్చి తీరాలని వీళ్ల సంఘం తీర్మానం. పీల్చారు, నేను విన్నాను, నా ఒంటి మీద దుమ్మంతా పోయింది. పీలుస్తూ పాడేవాడు లోకంలో లేడు. అయితే ఎవరో తీర్మానం ధిక్కరించి ఉండాలి. లేదా పాట తెగి ఉండాలి. ఏది నిజమో వాళ్లనే చెప్పమనండి."

మెత్తన్న ముందుకు దూకాడు. "మా సంఘంలో ధిక్కారమా! అలాంటివాడు ఎవడైనా ఉంటే ఈ క్షణం నుంచి సంఘంలో ఉండడు. ఇకపై గుహలో కాలు పెట్టడు."

గుబురయ్య గొంతు సవరించుకున్నాడు. "నా గొంతులాగే అనిపించింది గానీ, ఆలోచిస్తే నాది కాదు. నేనప్పుడు నిండుగా ఊపిరి పీలుస్తున్నాను."

"నేను అందరికంటే ఎక్కువ పీల్చాను," అన్నాడు పింఛాలరావు.

"నేనైతే ఇప్పటికీ వదల్లేదు," అన్నాడు కొండయ్య బుగ్గలు ఉబ్బించి.

"చూశారా దొరా," అన్నాడు బొమికయ్య. "ఎవరూ పాడలేదట. ఎవరూ పాడకపోతే తెగినట్టే. ఎముకలు దింపించమంటారా?"

అతని బంధువులు ఒక అడుగు ముందుకు వేశారు. దొరగారు నుదురు చిట్లించి మా వైపు చూశారు.

జెముడమ్మకు తెలుసు. ఏ గొంతు ఎవరిదో ఆవిడకు తెలియకపోవడమేమిటి! కానీ నా పేరు చెబితే నన్ను గెంటేస్తారు, చెప్పకపోతే గుహ పోతుంది. ఆవిడ ఎర్రటి కళ్లు ఒకసారి నా మీద నిలిచి, నేలవైపు తిరిగాయి.

నేను నిలబడి ఉన్నాను. పగలంతా ఎక్కడ తిరిగినా సాయంత్రానికి ఆ గుహలో, ఆ నడి వరసలో, కుందేళ్ల వెచ్చటి ఒళ్ల మధ్య నా చోటు నాకుండేది. అది లేకపోతే నేనేమిటి? ఒక పొడుగు తోక, దానికి వేలాడే కబుర్లు. పొదలోంచి ఒక గుడ్డు పగులుతున్న చప్పుడు సన్నగా వినిపించింది. నా చెవులంతటి చెవులకే వినిపించేంత సన్నగా.

"నేనే దొరా," అన్నాను.

ఏం జరిగిందనుకుంటున్నారు? అందరూ నవ్వారు! గుబురయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. దొరగారి మీసాలు కూడా కదిలాయి.

"వాలాచలం, పోయిన వేసవిలో తోకతో వాగును పక్కకు జరిపింది కూడా నువ్వేగా?"

"అదీ నేనే దొరా. కానీ ఇదీ నేనే."

"ఏనుగును లాగిందీ?"

"దాన్నీ లాగాను. అయినా ఈ స్వరం పట్టింది నేనే."

"వీడి మాట మీద గుహ ఇస్తారా దొరా?" అన్నాడు బొమికయ్య. "వీడు చెప్పేది వీడి తోకే నమ్మదు."

సరిగ్గా అప్పుడు గుహ పైకప్పు మీంచి టిక్, టిక్, టిక్ మని వినిపించింది.

అందరూ తలలెత్తారు. చీకటి రాతి మీద తలకిందులుగా ఒక ముసలి బల్లి. నా మాట ముగిసీ ముగియగానే పలికింది. మాట వెంట బల్లి పలికితే ఆ మాట సత్యమని అడవిలో పసిగుడ్డుకు కూడా తెలుసు. దొరగారు చప్పున కుడి పంజా నేల మీద తట్టి కళ్లకు అద్దుకున్నారు.

"బల్లి పలికింది. అయితే నిజమే."

"దొరా, ఆమె మా సంఘ సభ్యురాలు కాదు," అన్నాడు మెత్తన్న.

"అందుకే నమ్ముతున్నాను," అన్నారు దొరగారు. "గుహ పాటదే. బొమికయ్యా, నీ ఎముకలు నీ వాళ్ల చేతే మోయించుకుపో." బొమికయ్య, అతని వెనక బంధువులు, వాళ్ల వెనక కంపు, అన్నీ వరసగా వెళ్లిపోయాయి.

దొరగారు లేచి వెళ్లబోతుంటే మెత్తన్న మెల్లగా అడిగాడు. "మరి ధిక్కారం సంగతి?"

"మీ నిబంధనల్లో నేను పంజా పెట్టను. నాకవి అర్థం కావు," అని దొరగారు వెళ్లిపోయారు.

ఆ రాత్రే సభ. సంఘం పరువు కాపాడినందుకు గుబురయ్య స్వయంగా నా మెడలో అడవిమల్లె దండ వేశాడు. పింఛాలరావు నా గొంతు గురించి మాట్లాడబోయి తన గొంతు గురించి మాట్లాడాడు. కొండయ్య నన్ను కావలించుకున్నాడు. తర్వాత అదే సభలో, అదే దండతో, నన్ను సంఘంలోంచి తొలగించారు. తీర్మానం ఏకగ్రీవం. ఊపిరి నిబంధన ఘనవిజయం సాధించిందని మెత్తన్న ప్రకటిస్తే దానికీ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ నేనూ కొట్టాను.

ఇప్పటికీ ఏటా మబ్బుపిలుపు పాడతారు. నేను గుహలో కాలు పెట్టను. ఎదురుగా ఉన్న నల్లమద్ది చెట్టు మీద కూర్చుంటాను. చెట్టు మీద కూర్చోకూడదని నిబంధన లేదు. నేను చెట్టు జంతువునో కాదో ఇంకా తేలలేదు కదా! గుబురయ్య చెయ్యెత్తుతాడు, అందరూ గౌరవప్రదంగా ఊపిరి పీలుస్తారు, ఆ సందులో మద్దిచెట్టు మీంచి స్వరం నడుస్తుంది. వాళ్లు కళ్లు మూసుకుని, ఆహా మన తీర్మానం ఎంత గట్టిదీ అనుకుంటారు. జెముడమ్మ వాళ్ల వైపే తిరిగి నడిపిస్తుంది గానీ, ఆవిడ ఎడమ రెక్క మాత్రం కాస్త బయటికి, నా చెట్టువైపు తిరిగి ఉంటుంది. ఆ ఏడాది ఆవిడ గూట్లోంచి లేచిన పిల్లలు ఇప్పుడు పై వరసలో పాడుతున్నాయి.

నీతి ఏమిటి తాతా అంటారేమో. కలిసి పాడాలంటే చెవులు కావాలి, కలిసి ఆగిపోవాలంటే కమిటీ చాలు.

ఇంకా నమ్మకం కుదరనివాళ్లు మా అడవి నడుమ గుహకు వెళ్లి, పైకప్పు కేసి చూసి, నా పేరు చెప్పి అడగండి. ఆవిడ ఇప్పటికీ అక్కడే తలకిందులుగా ఉంది: గౌళి సత్తెమ్మ.